దయ్యాల గుహకు జనం రావడం లేదు: అదే షెడ్డులో ఇంకేం పెట్టొచ్చు?

పార్కుపని_హన్మకొండ:

అందరికీ నమస్కారం. హన్మకొండ దాటాక ములుగు రోడ్డు వైపున్న ఒక పార్కు నిర్వహణ చూస్తున్నాను. ఇందులోని దయ్యాల గుహను ఈసారి తీసేయాలని యాజమాన్యం ఖాయం చేసింది. ఆ చోట ఏం పెట్టాలో తేలడం లేదు.

షెడ్డు పొడవు 18 మీటర్లు, వెడల్పు 11, చూరు దగ్గర ఎత్తు 4.8. పైన మామూలు రేకులు. లోపల ప్లైవుడ్ గోడల మధ్య 1.2 మీటర్ల వెడల్పున మెలికలు తిరిగే 62 మీటర్ల దారి. గాలి సిలిండర్లతో లేచే బొమ్మలు 8, 3 హెచ్‌పీ కంప్రెసర్ ఒకటి, పొగ మిషన్ ఒకటి. త్రీ ఫేజ్ కరెంటు ఉంది, 25 కిలోవాట్ల దాకా వాడుకోవచ్చు.

దీనికి వేరే టికెట్ లేదు, గేటు టికెట్‌లోనే ఉంది. అయినా ఆదివారం 1,200 మంది వస్తే గుహలోకి వెళ్లేది 100 దాటదు. కొటేషన్లు మూడు వచ్చాయి: 12 సీట్ల 5డీ థియేటర్, నాలుగు హెడ్‌సెట్ల వీఆర్, అద్దాల గజిబిజి దారి. బడ్జెట్ 40 లక్షలు. బడులకు ఎండాకాలం సెలవులిచ్చేలోపు తెరవాలి. వీటిలో ఏది మేలు? లేక వేరే ఆలోచన ఏదైనా ఉందా?

రైడ్‌ఫిట్టర్_కాజీపేట:

అన్నా, కొటేషన్లు పక్కకు పెట్టు. ముందుగాల రెండు ఆదివారాలు గుహ ముంగట ఒక మనిషిని కాగితం పెన్నుతోని కూసోవెట్టు. మూడు గీతల లెక్క చాలు. లోపలికి పోయినోళ్లు ఎందరు, తలుపు దాకా వచ్చి మళ్లినోళ్లు ఎందరు, సగం నుంచి ఎనుకకు వచ్చినోళ్లు ఎందరు. మళ్లినోళ్ల పక్కన ఇంకో గుర్తు పెట్టాలె: చంకల పిల్ల ఉన్నదా, ముసలోళ్లు ఉన్నరా, చేతుల సంచులు ఉన్నయా. టికెట్ లేకున్నా పోతలేరంటే అడ్డం పైసలు కాదు. ఇంటిల్లిపాది ఆరుగురు వచ్చినప్పుడు మూడేండ్ల పిల్ల ఏడిస్తే, నాయనమ్మ రానంటే, ఇద్దరు లోపలికి పోయి నలుగురు బయట సంచులు కాయరు. ఆరుగురు కలిసి పక్క రైడ్‌కు పోతరు. కొత్తగ ఏం పెట్టినా ఆరుగురు కలిసి పోయేటట్టు ఉండాలె. లేకుంటే షెడ్డు మారకుండ బోర్డే మారుతది.

గుహల ఇంకో లోపం యంత్రానిది. సోలెనాయిడ్ వాల్వ్ గాలి వదిలేటప్పుడు బొమ్మ లేచే ముందే బుస్సుమంటది, సగం భయం అక్కన్నే పోతది. సెన్సార్ ముందు నడిచేటోనికి తగులుతది. ఎనుక వచ్చే నలుగురికి బొమ్మ మళ్లి కిందికి దిగుడు కనవడుతది, అంతే.

ఇగ లెక్క చూడు. ఒక ఆటకు పట్టే టైమంటే సినిమా టైము కాదు. ఎక్కుడు, బెల్టు పెట్టుడు, దిగుడు అన్నీ కలపాలె. 5డీ సినిమా 6 నిమిషాలు, ఎక్కి దిగుటానికి 4 నిమిషాలు. గంటకు 6 ఆటలు, 12 సీట్లు, మొత్తం 72 మంది. అన్ని సీట్లు నిండితేనే ఆ లెక్క. వీఆర్ 4 నిమిషాలు, హెడ్‌సెట్ తుడిచి తలకు సరిచేసుటానికి 2 నిమిషాలు. గంటకు 10 సార్లు, నలుగురు, మొత్తం 40 మంది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటల రద్దీల 160 మంది కోసం 40 లక్షలు పెడుతవా? 5డీల ఒకసారి చూసిన సినిమాకు మళ్ల రారు, కొత్త సినిమాకు మళ్ల పైసలు కట్టాలె. అద్దాల దారిల పిల్లలు నుదురు కొట్టుకుంటరు, వేలిముద్రలు గంటగంటకు తుడవాలె, దారి తెలిసినోడు రెండోసారి రాడు. మూడింట్ల ఏదీ తీసుకోవద్దని నా మాట.

ఖని_సెట్‌వర్క్:

పైన చెప్పిన ఆరుగురి లెక్క ముమ్మాటికీ నిజం. దానికి ఒక ఆలోచన చేరుస్తాను.

మీ షెడ్డులో చీకటి ఉంది, ఇరుకు ఉంది, మెలికల దారి ఉంది. ఇవి మూడూ దయ్యాల కంటే బొగ్గు బాయికి బాగా నప్పుతాయి. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైన నాటి నుంచి మన వైపు ఎన్ని ఇళ్లు బొగ్గు మీద బతికాయో అందరికీ తెలుసు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి నుంచి మీ పార్కుకు వచ్చే పిల్లలకు తాత పనిచేసిన చోటు ఎలా ఉంటుందో తెలియదు. ఇక్కడ తాత బయట సంచులు కాయడు, ముందు నడిచి చూపిస్తాడు.

నాలుగు భాగాలుగా కట్టండి. మొదటిది 5 × 4 మీటర్ల మస్టర్ గది, అంటే హాజరు వేసే గది. ప్రతి మనిషికీ నంబరు ఉన్న ఇత్తడి బిళ్ల, ఒక లైటు ఇస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు బిళ్ల పలక మీద తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకుని అప్పగించాలి. ఇది ఆట కోసమే కాదు. లోపల ఎంతమంది ఉన్నారో పలక చూస్తే తెలుస్తుంది. లైటును హెల్మెట్‌కు పెట్టకండి. పూలు పెట్టుకున్న ఆడవాళ్లు హెల్మెట్ పెట్టుకోరు, చెమటకు కంపు కొడుతుంది. మెడలో వేసుకునే పట్టీకి తగిలించండి. 100 లైట్లు కావాలి: లోపల 64, తయారుగా 16, మిగిలినవి చార్జింగులో. 300 మిల్లీఆంపియర్లు తాగే ఎల్‌ఈడీకి 2,600 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటే ఎనిమిది గంటలకు పైనే వెలుగుతుంది.

రెండోది దిగుడు గది, 6 × 2.2 మీటర్లు, 16 మంది బల్లల మీద కూర్చుంటారు. ఇక్కడ చాలామంది లిఫ్టు పెడదామంటారు. వద్దు. మన బాయిలు చాలా వరకు ఏటవాలుగా దిగే ఇంక్లైన్లు. గోదావరిఖనిలో కాలనీల పేర్లే ఇంక్లైన్ నంబర్లతో ఉన్నాయి. లిఫ్టు చూపిస్తే ఆ ఊళ్ల వాళ్లు వెంటనే తప్పు పడతారు. నేలను సమంగా ఉంచి, గోడల మీది గీతలు, కిటికీ చట్రాలు, పైకప్పు దూలాలు 10 డిగ్రీలు వాలుగా కట్టండి. కళ్లు వాలును నమ్ముతాయి, చక్రాల కుర్చీకి ఇబ్బంది ఉండదు.

కిటికీల బయట గుడ్డ బెల్టు తిరుగుతుంది. దాని మీద ఇసుకరాయి పొరలు, వాటి మధ్య బొగ్గు పొర, 1.2 మీటర్లకు ఒక చెక్క గుంజ గీయించాలి. డ్రమ్ము 200 మిల్లీమీటర్లది అయితే చుట్టుకొలత 63 సెంటీమీటర్లు. సెకనుకు మీటరున్నర వేగం రావాలంటే డ్రమ్ము నిమిషానికి 143 సార్లు తిరగాలి. 0.5 హెచ్‌పీ గేరు మోటారు, దాని వేగం మార్చే వీఎఫ్‌డీ చాలు. బయలుదేరడానికి 6 సెకన్లు, ఆగడానికి 8 సెకన్లు వీఎఫ్‌డీలో పెట్టండి. ఒక్కసారిగా కదిలితే గుడ్డ కదిలిందని అందరికీ తెలిసిపోతుంది. ఈ బెల్టుతో రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, గుడ్డ నెమ్మదిగా పక్కకు జరిగి అంచు చిరుగుతుంది. డ్రమ్ము నడుమ అంచుల కంటే 2 మిల్లీమీటర్లు ఉబ్బుగా తిప్పిస్తే గుడ్డ దానంతట అదే నడిమికి వస్తుంది. రెండు, అడ్డంగా వేసిన అతుకు డ్రమ్ము మీదికి వచ్చిన ప్రతిసారీ దబ్‌మంటుంది. అతుకు ఏటవాలుగా వేయించండి. బల్లల కింద 30 హెర్ట్జ్ దగ్గర అదిరే బేస్ షేకర్లు రెండు. మనుషులను మోసే కదలిక ఏదీ ఉండదు కాబట్టి రైడ్‌కు చేసే యాంత్రిక తనిఖీల భారం చాలా తగ్గుతుంది.

మూడు, నాలుగు భాగాలు గ్యాలరీ, అంటే బాయి లోపలి సొరంగ దారి. దారిని 1.8 మీటర్లకు వెడల్పు చేస్తే పొడవు 45 మీటర్లకు తగ్గుతుంది, చాలు. మొదటి సగంలో పైకప్పు తట్టి వినే చోటు. గట్టి కప్పును కర్రతో తడితే టంగుమంటుంది, లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా బొబ్బుమంటుంది. కార్మికుడి ప్రాణం ఆ చప్పుడులోనే ఉంటుంది. దీన్ని ఎలక్ట్రానిక్స్ లేకుండా చేయవచ్చు. 12 మిల్లీమీటర్ల సిమెంట్ బోర్డు పలకలు ఆరు తీసుకోండి. నాలుగింటి వెనుక గట్టిగా మోర్టార్ నింపండి, రెండింటి వెనుక 75 మిల్లీమీటర్ల ఖాళీ వదిలేయండి. ఏది డొల్లో పిల్లలు చెవితో పట్టాలి. పలకలను 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మొదలుపెట్టండి. కర్రను చేతికి ఇవ్వకండి, పక్కవాడి కంట్లో పడుతుంది. గోడకు కీలు మీద బిగించండి, ముందుకూ వెనక్కూ తప్ప ఎటూ ఊగకూడదు.

పక్కనే గ్యాసు దీపం. మీథేన్ అనే మండే గ్యాసు ఉన్న చోట సేఫ్టీ ల్యాంపు మంట మీద నీలి టోపీ లేస్తుంది. నిజం మంట పెట్టకండి, గాజు గొట్టంలో రెండు రంగుల ఎల్‌ఈడీ చాలు. ఒక పిల్ల నాబ్ తిప్పుతుంటే నీలం పెరుగుతుంది, ముల్లు 1.25 శాతం దగ్గరకు రాగానే ఇంకో పిల్ల కరెంటు స్విచ్ లాగాలి. గనుల్లో కరెంటు తీసేయాల్సిన హద్దు అదే.

ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పైకప్పు కూలినట్టు భయపెట్టే ఆట పెట్టకండి. అలా మనిషిని పోగొట్టుకున్న ఇళ్ల వాళ్లు కూడా టికెట్ కొని లోపలికి వస్తారు.

ఒక్కో భాగంలో 4 నిమిషాలు, ఒక్కో జట్టులో 16 మంది. గంటకు 15 జట్లు, 240 మంది. జట్లు ముప్పాతిక నిండినా 180. సింగరేణి పేరు, గుర్తు బోర్డు మీద వాడాలంటే ముందు లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి.

పార్కుపని_హన్మకొండ:

చాలా ఉపయోగపడే మాటలు, ధన్యవాదాలు. మూడు సందేహాలు. ఇప్పుడున్న ప్లైవుడ్ గోడలకే నల్ల రంగు వేసి వాడుకోవచ్చా? గోడలకు నిజం బొగ్గు అతికిస్తే సహజంగా ఉంటుందా? పొగ మిషన్ ఎలాగూ ఉంది, గ్యాలరీలో వాడమంటారా?

ఫైర్‌లైన్_కరీంనగర్:

సార్, మూడింటికీ వద్దనే చెప్తున్నాను, కారణాలు ఇవి.

1984 మే 11న అమెరికాలో న్యూజెర్సీలోని ఒక పార్కులో భూతాల కోట తగలబడి ఎనిమిది మంది పిల్లలు చనిపోయారు. గోడలకు వేసిన స్పాంజికి లైటర్ మంట తగిలింది, పొగలో దారి దొరకలేదు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో ఏం జరిగిందో అందరం చూశాం. మీ గుహ లోపలి ప్లైవుడ్, నల్ల గుడ్డ, థర్మాకోల్, స్పాంజి ఒక్క ముక్క మిగలకుండా బయటికి రావాలి. కొత్త పని మొదలయ్యేది అవి బయటపడ్డాకే. అవి లోపల ఉండగా వెల్డింగ్ పెట్టొద్దు. వెల్డింగ్ జరిగినంతసేపు ఒక మనిషి నీళ్ల బకెట్, మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి, పని ఆగాక ఇంకో గంట కాపలా ఉండాలి. నిజం బొగ్గు మసి దులుపుతుంది, బట్టలు పాడవుతాయి, పైగా మండే సరుకు.

పొగ మిషన్ సంగతి వేరు. గ్లైకాల్ పొగకు స్మోక్ డిటెక్టర్లు మోగుతాయి. రెండు రోజులు మోగాక సిబ్బంది డిటెక్టర్ మీద ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. ఆ తర్వాత నిజంగా మంట వచ్చినా మోగదు. బొగ్గు బాయికి పొగ అవసరం లేదు, చీకటి చాలు. అమ్మేయండి.

లోపల ఒకేసారి 64 మంది ఉంటారు కనుక ఎదురెదురు వైపుల బయటికి తెరుచుకునే రెండు తలుపులు, ఒక్కోటి మీటరున్నర వెడల్పు, తోస్తే తెరుచుకునే పానిక్ బార్‌తో. మూసుకుపోయిన మూలలు ఎక్కడా ఉంచొద్దు. గ్యాలరీ నడుమ గోడలో ఒక అడ్డదారి పెట్టండి, రెండు భాగాలకూ పనికొస్తుంది. బ్యాటరీ ఉన్న ఎమర్జెన్సీ లైట్లు కరెంటు పోయాక కనీసం 90 నిమిషాలు వెలగాలి. ముఖ్యమైనది ఒక రిలే: అలారం మోగిన క్షణంలో శబ్దం, బెల్టు, షేకర్లు ఆగిపోయి మామూలు లైట్లన్నీ వెలగాలి. అదే రిలేకు దిగుడు గది దగ్గర, నిష్క్రమణ దగ్గర ఎర్ర బటన్లు. రోజూ తెరిచే ముందు ఒకసారి నొక్కి చూడాలి.

వైర్లు ఎఫ్ఆర్ఎల్ఎస్ (త్వరగా మండనివి, పొగ తక్కువ వచ్చేవి), లోహపు పైపుల్లో. జనం చేయి తగిలే ప్రతి సర్క్యూట్‌కూ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్. మొత్తానికి ఒకటే పెడితే ఎక్కడో తడి తగిలినప్పుడు అంతా చీకటైపోతుంది, భాగానికి ఒకటి పెట్టండి. 6 కిలోల ఏబీసీ పొడి సిలిండర్ ఎక్కడ నిలబడ్డా 15 మీటర్లలోపు దొరకాలి. ఫైర్ ఎన్ఓసీకి (అగ్నిమాపక శాఖ అనుమతికి) కొత్త నక్షాతో వెళ్లండి, పాత గుహకు ఇచ్చింది చూపిస్తే కుదరదు.

ఖని_సెట్‌వర్క్:

ప్లైవుడ్ బదులు ఫెర్రోసిమెంట్, అంటే ఇనుప వల మీద సిమెంట్ ప్లాస్టర్. రెండు వైపులా గోడ 45 × 2.4 మీటర్లు, మొత్తం 216 చదరపు మీటర్లు. 6 మిల్లీమీటర్ల చువ్వ 20 సెంటీమీటర్లకు ఒకటి అడ్డం నిలువు, దాని మీద రెండు పొరల చికెన్ మెష్, 25 మిల్లీమీటర్ల మందం ప్లాస్టర్, సిమెంట్ ఒకటికి ఇసుక మూడు పాళ్లు. చువ్వ 480 కిలోలు, వృథాతో కలిపి సిమెంట్ 60 బస్తాలు, జల్లించిన ఇసుక ఐదున్నర ఘనపు మీటర్లు. తడిగా ఉండగానే తాపీ అంచుతో మెట్లు మెట్లుగా చెక్కండి, బొగ్గు పలకలుగా విరుగుతుంది కదా. ఆరాక మట్టి నలుపు రంగు వేసి, విరిగిన అంచుల మీద మాత్రమే మెరిసే నల్ల ఎనామిల్ పొడి బ్రష్‌తో అద్దండి. గోడంతా మెరిసే రంగు వేస్తే తారు పూసినట్టు ఉంటుంది. మెడలోని లైటు కదిలినప్పుడు ఆ అంచులు ఒక్కొక్కటే తళుక్కుమనాలి.

ఇది చదరపు మీటరుకు 60 కిలోల బరువు. రేకులను మోసే పర్లిన్లకు (అడ్డ దూలాలకు) వేలాడదీయకూడదు. 50 × 50 × 3 స్క్వేర్ పైపులతో 1.2 మీటర్లకు ఒక కాలు పెట్టి విడిగా చట్రం కట్టండి. పైకప్పుకు 8 మిల్లీమీటర్ల సిమెంట్ బోర్డు వాడితే బరువు ఐదో వంతుకు దిగుతుంది. 3 మీటర్లకు ఒక అతుకు వదలండి, లేకపోతే ఎండకు అదే చోట అడ్డదిడ్డంగా పగులుతుంది. అతుకు మీద చెక్క గుంజ నిలబెడితే కనపడదు. మార్చిలో చేయించేటట్టయితే తడి గోనెలు కప్పి ఏడు రోజులు నీళ్లు పట్టాల్సిందే. తెరిచే తేదీ దగ్గర పడిందని మేస్త్రీలు మూడో రోజుకే ఆపేస్తారు, అక్కడ గట్టిగా ఉండండి.

చేర్యాల_అభిమాని:

బొగ్గు బాయి మంచి ఆలోచనే. వరుసలో నిలబడే 15, 20 నిమిషాల సంగతి కూడా చూడండి. అక్కడ పటం కథ పెట్టండి. మన వైపు కాకిపడగల వాళ్లు, కూనపులి వాళ్లు, డక్కలి వాళ్లు చేర్యాల పటం విప్పుకుంటూ కథ చెప్పేవాళ్లు. ఒక్కో గడి ఒక్కో ఘట్టం. అదే తీరులో బొగ్గు పుట్టుక, బాయి తవ్వకం, కార్మికుల బతుకు గీయించి, రెండు రోలర్ల మధ్య పటం కదిలిస్తూ కథ వినిపించవచ్చు.

చేతితో గీసిన అసలు పటాన్ని మోటారుకు ఎక్కించకండి. ఖాదీ గుడ్డ మీద సుద్ద, చింతగింజల జిగురు పూతలు పడి ఉంటాయి. సన్న రోలర్‌కు బిగించి చుడితే పూత నెరియలు కొడుతుంది. అసలును గాజు వెనుక పెట్టి, కాన్వాస్ ముద్రణను తిప్పండి. ఆ నకలు హక్కుకు పటం గీసే నకాశీ కళాకారులతో రాతపూర్వకంగా ఒప్పుకుని డబ్బు చెల్లించండి. రోలర్ కనీసం 150 మిల్లీమీటర్ల పైపు ఉండాలి. పటం చుట్టుకునే కొద్దీ చుట్ట లావెక్కి వేగం పెరుగుతుంది, కథ గొంతు వెనుకబడుతుంది. టైమరుతో ఆపకండి, పటం అంచున గడి గడికీ నల్ల గుర్తు వేసి సెన్సార్‌తో ఆపండి.

బ్లాక్ లైట్ (యూవీ ఊదా లైటు) జోలికి మాత్రం పోవద్దు. పటం ఎరుపు ఆ వెలుతురులో మెరవదు, గోధుమ మచ్చలా చచ్చుబడుతుంది. 3,000 కెల్విన్, సీఆర్ఐ (రంగులు నిజంగా కనిపించే కొలత) 90 పైనున్న ఎల్‌ఈడీ పెడితే ఆ ఎరుపు నిండుగా కనిపిస్తుంది.

నీళ్లాట_మంచిర్యాల:

మే నెలలో 42 డిగ్రీల్లో జనం నీళ్ల కోసం చూస్తారు కదా సార్. షెడ్డు పీకేసి నీళ్లు చిమ్మే ఆటస్థలం పెడితే కాదా?

రైడ్‌ఫిట్టర్_కాజీపేట:

పెట్టొచ్చు తమ్మీ, కానీ ఈ టైమ్‌ల కాదు. 150 చదరపు మీటర్ల జాగకు కింద 20 ఘనపు మీటర్ల ట్యాంకు, 1.2 మీటర్ల సాండ్ ఫిల్టర్, అండ్ల గంటకు 30 ఘనపు మీటర్ల పైన నీళ్లు తిరగాలె. క్లోరిన్ 2 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్యల, రెండు గంటలకోసారి చూడాలె. చిన్న పిల్లలు డైపర్లతోని వస్తరు కాబట్టి క్రిములను చంపే యూవీ లైటు కూడ కావాలె. మన రాతినేల బోరు నీళ్లు ఉప్పదేలి నాజిళ్లు మూసుకపోతయి, మెత్తబరిచే ప్లాంటు లేకుంటే నెలకోసారి ఊడదీసుడే. వానకాలం, చలికాలం ఖాళీగ ఉంటది.

వేడి మాట మాత్రం నిజం. ఆ రేకుల కింద 64 మంది ఉంటే ఉడికిపోతరు. రేకుల కింద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడి ఆపే రాతి ఉన్ని) వెయ్యాలె, ఫోమ్ షీటు వద్దు. షెడ్డు లోపలి గాలి 950 ఘనపు మీటర్లు. గంటకు 20 సార్లు మారాలంటే 19,000. డక్ట్ కూలర్ ఒకటి సరిపోతది, కానీ ఎదురుంగ అంతే గాలి బయటకు పోయే దారి ఉండాలె. జూన్ నుంచి సెప్టెంబర్ దాక కూలర్‌ల నీళ్లు బంద్ చేసి ఉత్త ఫ్యానే నడపాలె, లేకుంటే లోపల ఉక్కపోసి గోడలకు బూజు వడతది.

పార్కుపని_హన్మకొండ:

రెండు ఆదివారాల లెక్క ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాను. నక్షా గీయించి ఇక్కడ పెడతాను. పాత కంప్రెసర్, సిలిండర్లు తూకానికి వేసేయమంటారా?

ఖని_సెట్‌వర్క్:

కంప్రెసర్ ఉంచుకోండి. గ్యాలరీ రెండో సగంలో బొగ్గు గోడకు డ్రిల్లు పట్టుకునే చోటు పెట్టాలి కదా, దానికి కావాలి. పాత డ్రిల్లు పిడి ఆకారం చేయించి లోపల చిన్న గాలి వైబ్రేటర్ బిగించండి. 4 బార్ గాలి, బటన్ నొక్కితే 6 సెకన్లు అదిరి దానంతట అదే ఆగాలి. వదిలేస్తే పిల్లలు దాని దగ్గరే నిలబడిపోయి వెనుక జట్టు ఆగిపోతుంది. వాల్వ్ ఎగ్జాస్ట్‌కు సైలెన్సర్ తప్పనిసరి. పిడి రెండు పెట్టండి, ఒకటి పెద్దవాళ్ల ఎత్తుకు, ఒకటి 80 సెంటీమీటర్ల దగ్గర. కంప్రెసర్ షెడ్డు బయట రబ్బరు ప్యాడ్ల మీద ఉండాలి. పొద్దున్నే ట్యాంకు కింది డ్రెయిన్ తిప్పి నీళ్లు వదిలేయాలి, వానకాలంలో రోజుకు రెండుసార్లు. ఆ నీళ్లు లైన్లోకి వెళ్తే వైబ్రేటర్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఎనిమిది సిలిండర్లలో బాగున్నవి రెండు, గ్యాలరీలో గాలి తలుపు (బాయిలో గాలి దారి మళ్లించే తలుపు) తెరిచి మూయడానికి పనికొస్తాయి. తలుపుకు మనిషి అడ్డొస్తే వెనక్కి వెళ్లేలా అంచున రబ్బరు స్విచ్ పెట్టి, కంప్రెసర్ గాలి పోతే తలుపు తెరుచుకునే ఉండేలా స్ప్రింగు వేయించండి.